పన్నెండు వోల్టుల వేదిక

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ సంగీత బృందానికి వెలుగు ఎలా కూర్చాలో ఆలోచించే ముందు ఆ బృందం చేతుల్లో, తలల మీద ఏముంటాయో చూడాలి. మురియా తెగ మాందరి డోలు మెడ నుంచి నడుము దాకా వేలాడుతుంది. మాడియా తెగ డోలు మనిషి మొండెం కంటే పొడవుగా ఉంటుంది. ధన్‌కుల్ అనే వాద్యానికి కావలసింది ఒక కుండ, దాని మీద బోర్లించిన చేట, చేట మీద ఒక కొస ఆన్చిన విల్లు. జగార్ పాటలు పాడే స్త్రీలు నేల మీద కూర్చుని దాన్ని వాయిస్తారు. నారాయణపూర్ వైపు ఒక వెదురు పిల్లనగ్రోవి ఉంది, నోటితో ఊదనక్కర్లేదు, గాలిలో ఊపితే పలుకుతుంది. మాడియా నర్తకులు అడవిదున్న కొమ్ములు కట్టిన తలపాగా పెట్టుకుంటారు, దాని అంచు నుంచి గవ్వల కుచ్చులు ముఖం మీదికి జారుతుంటాయి. హబీబ్ తన్వీర్ నడిపిన నయా థియేటర్‌లో పనిచేసిన అనూప్ రంజన్ పాండే ఇలాంటి వాద్యాలను సేకరించి, వేర్వేరు తెగల కళాకారులను ఒక్క వేదిక మీదికి తెచ్చి ‘బస్తర్ బ్యాండ్’ కట్టారు. 2019లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ స్థాయి బృందానికి పెద్ద వేదికల దగ్గర లైట్లు ఎవరో ఒకరు అమరుస్తారు. కానీ జగదల్‌పూర్ నుంచి శబరి ఒడ్డున ఉన్న కుంట దాకా, తెలుగు వినిపించే భోపాలపట్నం దాకా, ఊరికో చిన్న బృందం ఉంటుంది. వాళ్ల దగ్గర డోళ్లుంటాయి, పాటలుంటాయి, డబ్బు మాత్రం ఉండదు. అలాంటి బృందం సొంతంగా లైట్లు తయారు చేసుకోగలదు. ఇది పేదరికానికి సర్దుబాటు అనుకోనక్కర్లేదు. మన కన్ను పనిచేసే తీరు చూస్తే, ఇక్కడి కళకు అద్దె లైట్ల కంటే అలా చేసుకున్నవే నప్పుతాయి.

లైట్లు అనగానే అందరం అడిగే మొదటి ప్రశ్న ఎన్ని వాట్లు అని. కంటికి ఆ ప్రశ్నతో పెద్దగా సంబంధం లేదు. వెలుగును 8 రెట్లు పెంచితే కంటికి అది దాదాపు 2 రెట్లుగానే తోస్తుంది. మనం చూసే కాంతి అసలు కాంతికి ఘనమూలంలా పెరుగుతుందని కొలతల్లో తేలింది. అంటే నర్తకుడు రెండింతల వెలుగులో కనబడాలని 8 లైట్లు తెస్తే, వాటిలో 7 లైట్ల ఖర్చు ఈ ఘనమూలానికే పోతుంది. అదే ఫలితాన్ని రెండో వైపు నుంచి కూడా సాధించవచ్చు. వేదిక మీద వెలుగును పెంచకుండా, చుట్టూ ఉన్న వెలుగును తగ్గించాలి. కన్ను ఏ వస్తువు వెలుగునైనా పక్కదానితో పోల్చే కొలుస్తుంది. షామియానాకు కట్టిన ట్యూబ్‌లైట్లు ఆర్పేయడానికి పైసా ఖర్చు కాదు. పైగా చీకటికి అలవాటు పడేందుకు కంటికి సమయం కావాలి. రంగులు గుర్తించే శంకు కణాలు సుమారు 10 నిమిషాల్లో సర్దుకుంటాయి. మసక వెలుగులో పనిచేసే దండ కణాలకు అరగంట పైనే పడుతుంది. ప్రేక్షకుల కళ్లకు ఎదురుగా ఒక్క బల్బు నగ్నంగా వెలుగుతున్నా ఆ సర్దుబాటు చెడిపోతుంది. కంటిలోపలే ఆ కాంతి చెదిరి, చూసే దృశ్యమంతా తెల్లని పొగ పట్టినట్టవుతుంది. అందుచేత తక్కువ డబ్బుతో వెలుగు కూర్చేవాళ్లు బల్బుల కంటే ముందు కొనాల్సిన సామాను నల్లగుడ్డ, చేయాల్సిన మొదటి పని బల్బు ప్రేక్షకుడి కంట పడకుండా మరుగు పెట్టడం.

రెండో విషయం వెలుగు ఎటు పోతోందన్నది. బజారులో దొరికే 50 వాట్ల ఎల్ఈడీ ఫ్లడ్‌లైటు సుమారు 5,000 ల్యూమెన్ల కాంతి ఇస్తుంది. అది 120 డిగ్రీల కోణంలో విప్పారుతుంది కాబట్టి 4 మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి మీద పడేది 100 లక్స్ మాత్రమే. తక్కినదంతా నేలకూ ఆకాశానికీ ప్రేక్షకుల ముఖాలకూ పోతుంది. నగల దుకాణాల అద్దాల్లో వాడే చిన్న ఎం.ఆర్.16 ఎల్ఈడీ బల్బు 12 వోల్టులతో వెలుగుతుంది, 6 వాట్లు తీసుకుంటుంది, 500 ల్యూమెన్లు ఇస్తుంది. ఫ్లడ్‌లైటులో పదో వంతు కాంతి అది. కానీ దాన్ని 36 డిగ్రీల సన్నని కోణంలోకి కుదిస్తుంది. లెక్క వేస్తే 4 మీటర్ల దూరంలో అదీ 100 లక్సే. అంచులకు జారిపోయేది తీసేసినా 70 లక్స్ దాకా మిగులుతుంది. ఆ దూరంలో దాని వెలుగు వలయం రెండున్నర మీటర్ల వెడల్పు, అంటే డోలుతో సహా ఒక మనిషికి సరిపడేంత. ఒక్కో కళాకారుడికి రెండు చిన్న బల్బులు పెడితే, పెద్ద లైటు కంటే ఎక్కువ వెలుగు నాలుగో వంతు కరెంటుతో వస్తుంది, చుట్టూ చీకటి చీకటిగానే ఉంటుంది. బల్బును 3 మీటర్ల దగ్గరికి తెస్తే ఇంకా లాభం. వెలుగు దూరపు వర్గంతో తగ్గుతుంది కాబట్టి ఆ ఒక్క మీటరు మనకు ముప్పావు వంతు వెలుగును అదనంగా ఇస్తుంది. ఇక లైటు ఒళ్లు తయారు చేయడానికి ఖాళీ రేకు డబ్బా చాలు. లోపల మెరుపు లేని నల్ల రంగు వేస్తే పక్కలకు చిందే కాంతి ఆగిపోతుంది. డబ్బా అడుగున, పక్కన గాలి ఆడే కన్నాలు తప్పనిసరి. ఎల్ఈడీ ముందువైపు చల్లగా ఉన్నా వెనకవైపు ఉన్న భాగాలు వేడెక్కుతాయి, గాలి తగలకపోతే త్వరగా చచ్చిపోతాయి. కొండగావ్‌లో ఇనుము సాగగొట్టి కొమ్మల దీపపు స్తంభాలు చేసే కమ్మరులున్నారు. డబ్బాను వెదురు గడకు పట్టి ఉంచే కొక్కెం వాళ్ల చేతికి చిన్న పని.

ఆ వెదురు గడ ఎంత ఎత్తుండాలి, డబ్బా ఎక్కడ కట్టాలి అన్నదే ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో రంగస్థల దీపకళ బోధించిన స్టాన్లీ మెక్‌క్యాండ్లెస్ 1932లో ఒక పద్ధతి ప్రచురించాడు. నటుడికి ఎదురుగా రెండు పక్కల నుంచి, పైన 45 డిగ్రీల కోణంలో రెండు లైట్లు, ఒకటి వెచ్చని రంగు, ఒకటి చల్లని రంగు. ప్రపంచంలో చాలాచోట్ల నేటికీ ఈ సూత్రంతోనే మొదలు పెడతారు. ముక్కు నీడ, గడ్డం నీడ సహజంగా పడతాయి కాబట్టి బోసి తల మనిషికి అది చక్కగా సరిపోతుంది. అడవిదున్న కొమ్ముల తలపాగాకు సరిపోదు. పైనుంచి వచ్చే వెలుగు కొమ్ముల మీద, తలపాగా మీద పడి ఆగిపోతుంది. గవ్వల కుచ్చులు ముఖం మీద గీతల నీడ వేస్తాయి. ప్రేక్షకుడికి తలపాగా కనబడుతుంది, దాని కింద మనిషి కనబడడు. నేల మీద కూర్చుని ధన్‌కుల్ వాయించే గాయని ముఖం కూడా చేట వైపు వంగి ఉంటుంది కాబట్టి పై వెలుగులో ఆమె పాపిట తప్ప ఇంకేమీ తేలదు. దీనికి పరిష్కారం పక్క నుంచి, ఛాతీ ఎత్తులో లైటు పెట్టడం. కూర్చున్న వాళ్లకైతే ఇంకా కింద, మోకాలి ఎత్తులో. అలా పక్క నుంచి వచ్చిన వెలుగు కుచ్చుల కిందకు దూరి చెంపను, కంటిని పట్టుకుంటుంది. డోలు చర్మం మీద ఏటవాలుగా పడి వేళ్ల కదలికను నీడతో రెండింతలు చేసి చూపుతుంది.

ఇది కొత్త సిద్ధాంతమేమీ కాదనడానికి ఈ నేల మీదే ఆధారం ఉంది. ఛత్తీస్‌గఢ్ జానపద నాటకం నాచా పూర్వం కాగడాల వెలుగులో సాగేది. వాద్యాలను నడుముకు కట్టుకుని నిలబడి వాయించేవారు, కాగడా పట్టినవాడు నటుడి పక్కనే నడిచేవాడు. తర్వాత పెట్రోమాక్స్ లైట్లు వచ్చాయి. కాగడా మనిషి చేతి ఎత్తులో ఉంటుంది, పక్కన ఉంటుంది, దగ్గరగా ఉంటుంది. పైన చెప్పుకున్న మూడు లెక్కలూ అందులో ఉన్నాయి. మన తోలుబొమ్మలాటలో ఆముదపు దీపాలు తెర వెనక, బొమ్మకు దగ్గరగా పెట్టడంలోనూ ఇదే ఇంగితం. ఆ కళాకారులు లక్స్ లెక్కలు వేయలేదు, కానీ తక్కువ నూనెతో ఎక్కువ కనబడాలనే అవసరం వాళ్లను సరైన చోటికి చేర్చింది. విద్యుత్తు వచ్చాక లైట్లు పందిరి గుంజల పైకెక్కాయి. అక్కడ కడితే జనం తీగకు అడ్డం రారని, లైట్లు దొంగలకు అందవని అలా కట్టారు. ఆ సౌకర్యానికి మూల్యం కళాకారుడి ముఖం.

రంగు విషయంలో కూడా బజారు అలవాటు మనల్ని తప్పుదోవ పట్టిస్తుంది. చౌకగా దొరికే బల్బులు ఎక్కువగా 6,500 కెల్విన్ల నీలి తెలుపు. బస్తర్ వేదిక మీద వెలుగును తిరిగి పంపే వస్తువులు ఇత్తడి, కంచు, గవ్వ, కర్ర, చెమట పట్టిన చర్మం. ఇత్తడి నీలాన్ని మింగి పసుపునూ ఎరుపునూ తిరిగి పంపుతుంది. చర్మం కూడా ఎరుపునే ఎక్కువ తిరిగి పంపుతుంది. కాబట్టి 2,700 నుంచి 3,000 కెల్విన్ల పసుపు తెలుపు బల్బు కొంటే అదే వాట్లకు వేదిక నిండుగా కనబడుతుంది. వానాకాలం రాత్రుల్లో అడవి అంచున ప్రదర్శన ఇచ్చేవారికి ఇంకో లాభం, నీలం తక్కువున్న వెలుగుకు పురుగులు తక్కువ ముసురుతాయి. చర్మం గురించి మరో మాట చెప్పాలి, ఎందుకంటే దీపకళ పాఠ్యపుస్తకాల్లో చాలా భాగం తెల్లని ముఖాలను దృష్టిలో పెట్టుకుని రాసినవే. చర్మం కాంతిని రెండు విధాలుగా తిరిగి పంపుతుంది. లోపలికి వెళ్లి చెదిరి వచ్చేది రంగును బట్టి మారుతుంది. పై పొర నుంచి అద్దంలా మెరిసేది మాత్రం ఏ రంగు చర్మానికైనా ఒకటే, ఎదురుగా పడిన వెలుగులో దాదాపు 4 శాతం. నల్లని చర్మంలో మొదటిది తక్కువ కాబట్టి ఆ మెరుపు వాటా ఎక్కువ. చెంప ఎముక, భుజం, ముంజేయి ఆ మెరుపు గీతలతోనే ఆకారం దిద్దుకుంటాయి. ఎదురుగా పెట్టిన వెడల్పాటి ఫ్లడ్‌లైటు ఆ గీతలను చెరిపేస్తుంది, పక్క నుంచి వచ్చే చిన్న బల్బు వాటిని గీస్తుంది. గోండు, మాడియా, మురియా కళాకారులు వేదిక మీద చదునుగా, మట్టి రంగులో ఒకే ముద్దగా కనబడితే ఆ లోపం లైటు పెట్టిన చోటుది.

దీనికి రాగల మొదటి అభ్యంతరం బలమైనదే. జనం తళుకుల కోసం వస్తారు, డీజే లైట్లలా తిరిగే, మిణికే రంగులు లేకపోతే యువకులు నిలబడరు అంటారు. యువకులు మిణికే లైటు వైపు తల తిప్పుతారన్నది నిజమే. కంటి అంచు భాగం కదలికనూ మార్పునూ పట్టుకోవడానికే ఏర్పడింది, అక్కడ ఏది మిణికినా చూపు మన ప్రమేయం లేకుండా అటు పోతుంది. సరిగ్గా అందుకే ఆ లైటు సంగీతానికి శత్రువు. పది మంది ఒకే అడుగు వేసే నాట్యంలో చూపును పట్టి ఉంచాల్సింది ఆ అడుగు. డోలుకు దాని లయ ఉంది, మిణుకు లైటుకు దాని సొంత లయ ఉంది, రెండూ కలవవు. ఆరోగ్యం సంగతీ ఉంది. 1997 డిసెంబరు 16న జపాన్ టీవీలో పోకెమాన్ కార్టూన్‌లో ఎరుపు నీలం కాంతులు సెకనుకు 12 సార్ల చొప్పున మారాయి. ఆ సాయంత్రం 600 మందికి పైగా పిల్లలను ఆసుపత్రులకు తరలించారు. సెకనుకు 15 నుంచి 25 మిణుకులు మూర్ఛ స్వభావం ఉన్నవారికి మరీ ప్రమాదం. వైద్యం గంటల దూరంలో ఉండే ఊళ్లలో ఆ పని చేయకూడదు. రంగు కావాలంటే వెనక తెర మీద వేయవచ్చు. ఎరుపు, నీలం ఎల్ఈడీ పట్టీలు నేరుగా రంగు కాంతినే ఇస్తాయి. పాతకాలపు బల్బు ముందు నీలి జిలెటిన్ కాగితం పెట్టినప్పుడు కాంతిలో చాలా భాగం వేడిగా మారి పోయేది, ఇప్పుడు ఆ నష్టం లేదు. మెల్లగా మారే ఒకే రంగు వెనక ఉంటే ముందున్న మనుషులు ఇంకా స్పష్టంగా తేలతారు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. ఇంట్లో చేసిన కరెంటు సామాను ప్రాణాల మీదికి తెస్తుందంటారు. ఈ మాటను తేలిగ్గా తీసుకోకూడదు. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో పాఠశాల వార్షికోత్సవం జరుగుతుండగా సింథటిక్ గుడ్డ పందిరికి నిప్పంటుకుని 400 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది పిల్లలు. అతుకులు వేసిన 230 వోల్టుల తీగలు, వాన తడిసిన నేల, ఇనుప డబ్బాలు, చెప్పుల్లేని నర్తకులు ఒకచోట చేరడమంటే చావును పిలవడమే. అందుకే ఈ పథకమంతా 12 వోల్టుల మీద నిలబడింది. ఆ వోల్టేజి పొడి చర్మం గుండా ప్రమాదకరమైన కరెంటును పంపలేదు. కానీ 12 వోల్టులు షాక్ కొట్టదు కాబట్టి నిప్పు కూడా పుట్టించదనుకుంటే మోసపోతాం. ఇన్వర్టర్ బ్యాటరీ రెండు కొసలు పొరపాటున కలిస్తే వందల ఆంపియర్లు పారి తీగ ఎర్రగా కాలుతుంది. బ్యాటరీ కొస పక్కనే ఫ్యూజు ఉండాలి, తీగ మధ్యలోనో చివరో పెడితే ప్రయోజనం లేదు. 6 వాట్ల బల్బులు 20 పెడితే 120 వాట్లు, అంటే 10 ఆంపియర్లు. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీని సగం దాకా వాడినా 5 గంటలు నడుస్తుంది. పగలు సౌర ఫలకంతో నింపుకోవచ్చు. జనరేటరు మోత లేని వేదిక మీద ధన్‌కుల్ వింటి నారి వినబడుతుంది, ఆ ఒక్క లాభం చాలు.

తక్కువ వోల్టేజికి ఒక వెల ఉంది, దాన్ని ముందే లెక్క చూసుకోవాలి. బ్యాటరీ 15 మీటర్ల దూరంలో ఉండి, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 10 ఆంపియర్లు పారితే, పోను రాను 30 మీటర్ల తీగలోనే 2 వోల్టులు ఖర్చవుతాయి. చివరి బల్బులకు 10 వోల్టులే చేరి అవి నీరసంగా వెలుగుతాయి. దీనికి లావు తీగ కొనడం కంటే ఒక పెద్ద బ్యాటరీ బదులు రెండు చిన్నవి వాడటం మేలు. వేదికకు ఆ పక్క ఒకటి, ఈ పక్క ఒకటి పెట్టి, ఒక్కోటి 5 ఆంపియర్లు మోస్తూ 5 మీటర్ల తీగతో బల్బును చేరితే నష్టం వోల్టులో మూడో వంతుకు తగ్గుతుంది. ప్రేక్షకులు నడిచే దారిలో తీగే ఉండదు. ఛార్జింగ్ పెట్టి ఉండగా మాత్రం లైట్లు వాడకూడదు, అప్పుడు బ్యాటరీ మీద 14 వోల్టులు దాటి ఉంటుంది, చౌక పట్టీలు తట్టుకోలేవు. ఎక్కడైనా 230 వోల్టులు వాడక తప్పకపోతే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు పెట్టించి, ఆ పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే అప్పగించాలి.

వెలుగును మెల్లగా పెంచడం, తగ్గించడం సంగీతానికి ఎంతో అవసరం, దానికి పెద్ద యంత్రమూ అక్కర్లేదు. 12 వోల్టుల పట్టీలను సెకనుకు వెయ్యిసార్లకు మించి ఆర్పి వెలిగించే చిన్న డిమ్మర్లు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరుకుతాయి. ఆ వేగంలో కన్ను మిణుకును గుర్తించదు, ఫోన్ కెమెరాలో చారలు కూడా బాగా తగ్గుతాయి. ఇక్కడ మళ్లీ ఘనమూలం అడ్డొస్తుంది. బటన్ సగానికి తిప్పితే సగం కాంతి వస్తుంది, కానీ కంటికి అది నాలుగింట మూడు వంతుల పైనే కనబడుతుంది. కంటికి సగంగా తోచాలంటే ఎనిమిదో వంతుకు దించాలి. కాబట్టి పాట చివర వెలుగు తగ్గించేటప్పుడు మొదట వేగంగా, చివర చాలా నిదానంగా తిప్పాలి. ఎం.ఆర్.16 బల్బుల్లో చాలావాటి లోపల సొంత నియంత్రణ ఉంటుంది, అవి ఈ డిమ్మర్లకు లొంగవు. వాటిని నాలుగైదు జట్లుగా విడదీసి స్విచ్చులతో నడిపించుకుని, పెంచడం తగ్గించడం పట్టీలకు వదిలేస్తే సరిపోతుంది.

చేతితో చేసిన లైటు ఎంత చేసినా నాసిరకమే అనేవారికి రంగస్థల చరిత్రే సమాధానం. 1959లో కలకత్తా మినర్వా థియేటర్‌లో ఉత్పల్ దత్ ‘అంగార్’ నాటకం వేసినప్పుడు, బొగ్గు గనిలోకి నీరు ఎక్కి కార్మికులను ముంచేసే దృశ్యాన్ని దీపకళాకారుడు తాపస్ సేన్ వెలుగుతోనే చూపించారు. విదేశీ యంత్రాలు అందని కాలం అది. ఆయన చూపిన బలమంతా వెలుగు ఎక్కడ ఉండకూడదో తెలియడంలో ఉంది. హబీబ్ తన్వీర్ ‘చరణ్‌దాస్ చోర్’ 1982లో ఎడిన్‌బరో ఉత్సవంలో బహుమతి అందుకుంది. ఆ ప్రదర్శన శక్తి ఛత్తీస్‌గఢ్ నాచా కళాకారుల గొంతులది, దేహాలది. ఆరుబయట పూర్తి చీకటి దొరకదనే మాట కూడా వింటుంటాం. పున్నమి వెన్నెల సాధారణంగా 0.3 లక్స్ దాటదు, మన వేదిక 100 లక్స్. వెన్నెల ఎన్నడూ అడ్డు కాదు. అడ్డయ్యేవి వీధిదీపం, మిఠాయి బండి లైటు, మైకు వాడి ట్యూబ్‌లైటు. వాటిని ప్రదర్శన సేపు ఆర్పమని ఊరిపెద్దలను అడగాలి, లేదా వేదికను అవి ప్రేక్షకుల వెనక పడేలా తిప్పుకోవాలి.

మీ ఊళ్లో ఒక బృందం ఉంటే, చేతిలో ఉన్న కొద్ది డబ్బును ఈ వరుసలో ఖర్చు పెట్టించండి: మొదట మంచి రాగి తీగ, ఫ్యూజులు, తర్వాత నల్లగుడ్డ, ఆ తర్వాత పసుపు తెలుపు బల్బులు. రంగులు మిగిలిన డబ్బుతో. లైట్లు కట్టాక ప్రదర్శన బట్టల్లో, తలపాగాతో సహా ఒక కళాకారుణ్ని నిలబెట్టి, చివరి వరుసలో కూర్చుని ఆయన కళ్లు కనబడుతున్నాయో లేదో చూడండి. కనబడకపోతే ఇంకో బల్బు కొనకండి, ఉన్న బల్బును కిందికి దించండి.